బెంగళూరు గోల్ఫ్ క్లబ్‌లో ఒక ఆదివారం

ఎన్నాళ్లుగానో అనుకుంటున్నది ఈ ఆదివారం కుదిరింది. బాబాయి స్నేహితుడు అక్కడ మెంబర్, ఆయనే గెస్టుగా తీసుకెళ్లారు. 1876లో పెట్టిన క్లబ్బు. మన దేశంలో 1829 నాటి రాయల్ కలకత్తా లాంటి బాగా పాతవాటి వరసలోదే.

ఊరి నడిబొడ్డున, చెట్ల మధ్య ఇరుకైన ఫెయిర్‌వేలు, అంటే బంతి కొట్టుకుంటూ వెళ్లే గడ్డి దారులు. ఇక్కడ బలం కన్నా గురే ముఖ్యం. చాలాచోట్ల బాగా దూరం కొట్టే డ్రైవర్ కర్రను బ్యాగులోనే ఉంచి, తక్కువ దూరమైనా గురి కుదిరే ఐరన్ కర్రతో కొట్టాను. టెన్షన్ ఉన్నా ఆ ఆలోచనే అసలు మజా.

గ్రీన్‌ల దగ్గర, అంటే రంధ్రం చుట్టూ గడ్డి పొట్టిగా కత్తిరించిన చోట మాత్రం, మన బ్యాగు మోస్తూ సలహాలిచ్చే క్యాడీ అన్నే గురువు. చక్కటి చిత్తూరు తెలుగు ఆయనది. గొంతుక్కూర్చుని చూసి, "గడ్డి మెరుస్తా ఉంటే అవతలికి వాలినట్టు సార్, బంతి జోరుగా పోతాది. నల్లగా కనిపిస్తే ఎదురు, కొంచెం గట్టిగా కొట్టాల" అన్నారు. అచ్చం అలాగే దొర్లింది! 2009లో ఇండియన్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీ గెలిచిన మన బెంగళూరు మునియప్ప గారు కూడా ఒకప్పుడు క్యాడీయే. ఆ చూపు ఎక్కడి నుంచి వస్తుందో కళ్లారా చూశాను.

తెలిసిన మెంబర్లుంటే తప్పక ఆడి రండి. క్యాడీ చెప్పింది వినండి.