మా యొద్ద అప్పుబడిన వారిని

నిన్న రాత్రి పదకొండు దాటాక ఇల్లు చేరాం. పొద్దున్నే కుట్టు మిషను ముందు కూర్చున్నాను గానీ చెయ్యి సాగలేదు. గుండు మీద ఫ్యాను గాలి తగిలినప్పుడల్లా మళ్లీ విజయవాడ గుణదల కొండే గుర్తొస్తోంది. మరిచిపోకముందే రాసిపెట్టుకుందామని కూర్చున్నాను.

మా గుంటూరు వైపు కథోలికులకి ఫిబ్రవరి 9, 10, 11 అంటే గుణదల మాత తిరునాళ్లే, ఇంకేమీ చెప్పక్కర్లేదు. 1924లో ఆర్లాటి ఫాదర్ గారు ఆ కొండ గుహలో మరియమాత స్వరూపం పెట్టించిన కాలం నుంచీ మా తాతల తరం వెళ్తూనే ఉంది. నేను మా అమ్మ చంకన వెళ్లాను, మా పిల్లల్ని చంకనేసుకుని వెళ్లాను. కానీ గడిచిన రెండేళ్లు వెళ్లలేదు. ఎందుకంటే అంతకుముందు పన్నెండేళ్లు నన్ను చెయ్యి పట్టుకుని ఆ జనంలో నడిపించిన మనిషే నా డబ్బు తినేసింది.

ఆమెని నేను అక్కా అనే పిలిచేదాన్ని. మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, శుక్రవారం జపమాల ఆమె అందుకుంటేనే మొదలయ్యేది. మా పెద్దమ్మాయికి జ్ఞానస్నానం రోజు తల్లి స్థానంలో నిలబడ్డ జ్ఞానతల్లి కూడా. ఆమె చీటీ వేస్తోందంటే రెండో ఆలోచన లేకుండా చేరాను. ఇరవై మంది, రెండు లక్షల చీటీ. మధ్యలో పాడుకోకుండా చివరిదాకా ఆగితే నిండుగా డబ్బు చేతికొస్తుంది, పాప ఇంజనీరింగ్ ఫీజుకి ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదు అనుకున్నాను. పాట పోను ఒక నెల ఎనిమిది వేలు, ఒక నెల తొమ్మిది వేలు. కట్టిన ప్రతిసారీ నా చీటీ పుస్తకంలో తారీఖు, డబ్బు, సంతకం. ప్రతి పేజీకి పైన ముందు చిన్న సిలువ గుర్తు వేసేది, ఆ తర్వాతే రాసేది. పదిహేడు పేజీలు, పదిహేడు సిలువలు.

పద్దెనిమిదో నెల వెళ్తే ఇంటికి తాళం. తర్వాత కొన్నాళ్లకి కోర్టు నోటీసు వచ్చింది. ఐపీ పెట్టింది, అంటే దివాలా పిటిషన్. అప్పులవాళ్ల లిస్టులో నా పేరు 31వది. 1,46,000 కట్టిన నా పేరు పక్కన 40,000 అని వేసింది. ఆ కాగితం చూసినప్పుడు డబ్బు పోయిందన్న బాధ కంటే, 'అక్కా, లెక్క కూడా తప్పు రాశావా' అన్న బాధే ఎక్కువైంది. రిజిస్టర్ చేయకుండా చీటీ నడపడం 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం నేరమట. స్టేషన్‌కి వెళ్లాకే నాకు తెలిసింది.

నా డబ్బు సంగతి అటుంచితే, నా మాట నమ్మి ఇంకో ఇద్దరు చేరారు. మా వీధిలోనే ఇడ్లీ బండి పెట్టుకునే పిన్నిగారు, నా దగ్గర కుట్టు నేర్చుకున్న పిల్ల. ఇద్దరిదీ కలిపి 1,20,000 పోయింది. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే నాకు నిద్ర పట్టలేదు. "నువ్వు తిన్నావా? నువ్వెందుకు కట్టాలి?" అన్నారు మావారు. నా నోటి మాట మీద కట్టారండీ, అన్నాను. ఆ రోజే మరియమ్మకి మొక్కుకున్నాను. నా డబ్బు రాకపోయినా ఫర్వాలేదమ్మా, వాళ్లిద్దరి డబ్బూ నా చేత తీర్పించు, నీ కొండకొచ్చి తలనీలాలు ఇస్తాను, చెప్పుల్లేకుండా సిలువ దాకా ఎక్కుతాను అని.

నెలకి ఐదు వేల చొప్పున ఇరవై నాలుగు నెలలు. పగలు బ్లౌజులు, రాత్రి స్కూలు యూనిఫాంలు, ఫాల్స్. పెళ్లిళ్ల సీజన్‌లో తెల్లవారుజామున మూడింటిదాకా. మొన్న జనవరిలో పిన్నిగారి చేతిలో చివరి ఐదువేలు పెట్టాను. ఆవిడ తీసుకుని, ఏమీ మాట్లాడకుండా బండి మీద నుంచి రెండు ఇడ్లీలు పెట్టి, "తిను, ఎంత చిక్కిపోయావో" అంది. నా మొక్కు తీరింది. ఏ నెలా తప్పలేదు. ఎక్కడి నుంచి పని వచ్చిందో, ఆ ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

కానీ ఒక్కటి మాత్రం నా వల్ల కాలేదు. ప్రభువు నేర్పిన పరలోక జపంలో "మా యొద్ద అప్పుబడిన వారిని మేము మన్నించునట్లు" అన్న చోట నా నోరు ఆగిపోయేది. మిగతా జపమంతా చెప్పేదాన్ని, ఆ ఒక్క మాట దగ్గర పెదాలు బిగుసుకునేవి. చిన్నప్పటి నుంచీ చెప్పాను గానీ అప్పు అంటే పాపం అనే అనుకున్నాను. ఇప్పుడు అప్పు అంటే అప్పే, 1,46,000. కీర్తనల గ్రంథం 55లో దావీదు ఏడుస్తాడు కదా, శత్రువు చేస్తే సహించేవాణ్ణి, నువ్వు నా స్నేహితుడివి, కలిసి దేవుని మందిరానికి నడిచినవాళ్లం కదా అని. అది చదివి పుస్తకం మూసి చాలాసేపు ఏడ్చాను. మూడువేల ఏళ్ల క్రితం నా బాధ ఎవరికో తెలుసు అనిపించింది. గుడి మానలేదు. కానీ చివరి బెంచీలో కూర్చుని, పూజ అవగానే ఎవరి మొహమూ చూడకుండా వచ్చేసేదాన్ని.

పదో తారీఖు సాయంత్రానికి గుణదల చేరాం. జనం గురించి ఏం చెప్పను. ఏలూరు రోడ్డు మీద నుంచే అడుగులో అడుగు. పందిట్లో మా దుప్పటి పరుచుకునే చోటు కోసం గంటసేపు తిరిగాం. రాత్రంతా బూరల గోల. భక్తితో వచ్చినవాళ్లు సగం మందైతే, సెల్‌ఫోన్లు ఎత్తుకుని తిరిగేవాళ్లు సగం మంది. మనసు నిలిపి జపం చేసుకుందామంటే మైకులో నిమిషానికోసారి "మీ పర్సులు, నగలు జాగ్రత్త" అని కేక.

ప్రసంగంలో ఫాదర్ గారు బెర్నదెత్ ఇంటి సంగతి చెప్పారు. 1858లో లూర్దులో మాత దర్శనం దొరికిన ఆ పిల్ల తండ్రి పిండిమర నడిపేవాడట. అప్పులపాలై మర పోయింది. వాడకం లేని పాత జైలు గదిలో సంసారమంతా తల దాచుకున్నారు. పిండి దొంగిలించాడని అనుమానంతో తండ్రిని పట్టుకెళ్లి లోపల కూడా వేశారట. కట్టెలకెళ్లిన ఆ ఇంటి పిల్లకే అమ్మ కనబడింది. ఎన్నేళ్లుగా వింటున్న కథ! ఈ అప్పుల సంగతి ఇంతకుముందు నా చెవికెక్కలేదు.

పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వరుసలో నిలబడ్డాను. ఆ మాట నోటికి రావడం లేదని చెప్పాను. పెద్దాయన, గొంతు బాగా అలిసిపోయి ఉంది. "కేసు మానుకోమని చెప్పనమ్మా, అది న్యాయం. ఇది వేరు. మాట రాకపోతే రావడం లేదు తండ్రీ అని ఆయనతోనే చెప్పు. దాటెయ్యకు" అన్నారు.

పొద్దున్నే తలనీలాల దగ్గరికి వెళ్లాను. "మూడు కత్తెరలు ఇచ్చినా చాలే" అన్నారు మావారు. వద్దన్నాను. ఆయన కొబ్బరికాయలు, కొవ్వొత్తులు తెస్తానని వెళ్లారు. గుండు అయ్యాక ఓ పక్కన కూర్చుని జపమాల తిప్పుతున్నాను. ఒక మామ్మ వచ్చింది. నుదుట ఇంత బొట్టు, చంకలో ఏడాది మనవడు. పుట్టువెంట్రుకలు తీయించాలి, కోడలు కొండెక్కింది, కొడుకు ఎక్కడ తప్పిపోయాడో తెలియదు. రొంటిన దోపుకున్న గుడ్డ సంచి తీసి నా ఒళ్లో పెట్టేసింది. "అమ్మాయ్, కాస్త పట్టుకో. వీడు గింజుకుంటే ఎక్కడైనా జారిపోద్ది." నేను నోరు తెరిచేలోపే వరుసలో కలిసిపోయింది.

పాత లంగా గుడ్డతో కుట్టిన సంచి. మూతికి తాడు, చేత్తో వేసిన కుట్లు, ఒకచోట దారం రంగు వేరే. లోపల నోట్ల మడత, చిల్లర, పిల్లాడి వెండి మొలతాడు కాబోలు గట్టిగా తగులుతోంది. పైన మైకులో "పర్సులు జాగ్రత్త". ముప్పావుగంట ఆ సంచి రెండు చేతుల మధ్య పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. మావారు వచ్చి పద అన్నా లేవలేదు. మామ్మ తిరిగి రాకపోతే ఏం చెయ్యాలి, ఎక్కడ అప్పజెప్పాలి అని ఒకటే టెన్షన్. పన్నెండుగురు శిష్యుల్లో డబ్బు సంచి, ప్రభువుని పట్టించిన ఆ యూదా దగ్గరే ఉండేదన్న సంగతి గుర్తొచ్చింది. ఎవరి చేతిలో ఉందో ప్రభువుకి తెలుసు. తెలిసీ కలిసి అన్నం తిన్నాడు.

మామ్మ గంధం పూసిన బోడితల మనవడితో వచ్చింది. సంచి తీసుకుని లెక్క చూసుకోకుండానే రొంటిన దోపేసింది. ఉండబట్టలేక అడిగాను. "నేనెవరో తెలియదు కదా మామ్మా, ఎట్లా ఇచ్చావు?"

"నీ చేతిలో ఆ పూసల దండ ఉందిగా" అంది.

నాకు ఒళ్లు జలదరించింది. నేనూ అదే చూసి ఇచ్చాను. పదిహేడు నెలలు అదే చూసి ఇచ్చాను. మామ్మ మాత్రం తన పాటికి తాను కొబ్బరిముక్క ఒకటి నా చేతిలో పెట్టి, "మీ అమ్మకి మా పిల్లాడి పేరు కూడా చెప్పు" అని పేరు చెప్పి వెళ్లిపోయింది. కళ్లనీళ్లు ఆగలేదు. నన్ను మోసం చేసిన గుర్తే ఇంకొకరికి నా మీద నమ్మకం. ఆ నమ్మకం నా చేతుల్లో ముప్పావుగంట పాడవకుండా ఉంది.

గుహ దగ్గర తోపులాట. వెనక నుంచి ఎవరిదో మోచెయ్యి వీపులో గుచ్చుకుంది, ముందాయన ఫోను ఎత్తి పట్టుకుని కదలడు. కొవ్వొత్తుల వేడి, కొబ్బరి నీళ్లకి కాళ్లు జారుతున్నాయి. వాలంటీర్లు "నడవండి, నడవండి" అని తోసేస్తున్నారు. ఆ ఫోను పక్కకి జరిగిన ఒక్క క్షణం అమ్మ కనబడింది. తెల్లని ముసుగు, నీలం నడికట్టు, జోడించిన చేతులు. ఆ చేతికి వేలాడుతున్న జపమాల. అంతే, నన్ను పక్కకి నెట్టేశారు. మామ్మ మనవడి పేరు చెప్పగలిగాను. నా కోసం ఏమీ అడగలేదు.

తర్వాత కొండ. రాళ్లు అప్పటికే వేడెక్కాయి. జపమాలలో పరలోక జపం ఆరుసార్లు వస్తుంది. మొదటిసారి ఆగాను. రావడం లేదు తండ్రీ, అన్నాను. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. నాలుగోసారి ఒక మలుపు దగ్గర కాలికి రాయి గుచ్చుకుని మావారి భుజం పట్టుకున్నాను. నోరు మాత్రం జపంలోనే ఉంది. "మా యొద్ద అప్పుబడిన వారిని..." అనేశాను, పూర్తిగా అనేశాను. అంటుండగా అక్క మొహం కనబడింది. కోర్టు కాగితంలోని పేరు కాదు, మా పాప జ్ఞానస్నానం రోజు పిల్లని ఎత్తుకుని నిలబడ్డ మొహం. అక్కడే రాతి మీద కూర్చుండిపోయాను. మావారు నీళ్లసీసా ఇచ్చారు, ఏమీ అడగలేదు.

ఐదోసారి మళ్లీ రాలేదు. 1933 నుంచీ కొండ కొమ్మున నిలబడి ఉన్న ఆ ఇనుప సిలువ కింద, ఆరోసారి కూడా రాలేదు. రావడం లేదు తండ్రీ, అనే చెప్పాను. కానీ ఒకసారి వచ్చింది. ఒకసారి వచ్చిందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

వచ్చే బుధవారం విభూది, ఉపవాసాల తపస్సుకాలం మొదలు. తపస్సుకాలంలోనే కేసు వాయిదా ఉంది, ఇందాకే వకీలు గారు ఫోన్ చేసి చీటీ పుస్తకం తెమ్మన్నారు. బీరువాలో నుంచి తీసి సంచిలో పెట్టుకున్నాను. రేపు శుక్రవారం. మొదటి బెంచీ పక్కన జపమాల చెప్పుకునే చోటికి రెండేళ్ల తర్వాత వెళ్దామనుకుంటున్నాను. నన్ను అందుకోమంటే అందుకుంటాను. ఆ మాట దగ్గర నేను ఆగితే మిగతావాళ్లు చెప్తారు.