ఈస్ట్ జంటల పట్టు ఎంత గట్టిది: మూడో నెల నోట్స్

రెండు నెలల నోట్‌బుక్ మొత్తం మళ్లీ లెక్కేశాను. ఎందుకో తర్వాత చెప్తాను.

బేకరీ ఈస్ట్ జాతిలో 'ఎ', 'ఆల్ఫా' అని జతకట్టే కణాలు రెండు రకాలు. ఒకదాని ఫెరమోన్ (జత కోసం వదిలే రసాయన సంకేతం) రెండోదానికి తగలగానే పైపొర మీద అగ్లుటినిన్ అనే ప్రోటీన్లు పెరుగుతాయి, కలిసిపోవడానికి ముందు కణాలు ఒకదాన్నొకటి పట్టుకునేది వాటితోనే, నేను కొలుస్తున్నది ఆ పట్టునే. షాపులో దొరికే ఈస్ట్ పొడితో ఇది కుదరదు, అందులోవి మామూలుగా జతకట్టే రకాలు కావు. ల్యాబ్‌లో పనిచేసే ఒక స్నేహితురాలు రెండు రకాలూ విడివిడిగా ఇచ్చింది.

స్లైడ్‌కి కాంకనావలిన్-ఎ (కణాల పైపొరని జిగురులా పట్టుకునే ప్రోటీన్) పూసి 'ఎ' కణాలు పరిచాను. రెండు పొరల డబుల్ సైడ్ టేప్‌తో 0.2 మి.మీ. ఎత్తు, 5 మి.మీ. వెడల్పు ఉన్న సందు వచ్చింది. పంపు బదులు కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర మందుల షాపులో కొన్న సెలైన్ సెట్ పెట్టాను, దాంట్లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. నిమిషానికి 40 చుక్కలు వదిలితే గోడ దగ్గర ఒరిపిడి 1 పాస్కల్, అంటే 5 మైక్రాన్ల కణాన్ని సుమారు 200 పికోన్యూటన్లు (న్యూటన్ బలంలో లక్ష కోట్లో వంతు ఒక పికోన్యూటన్) లాగుతాయి.

తప్పు ఇక్కడే జరిగింది. నీటి స్నిగ్ధత (చిక్కదనం) 20 డిగ్రీల దగ్గరిది వేశాను, మా మేడ మీద గదిలో రాత్రి కూడా 30 ఉంటుంది, అప్పుడది 1 నుంచి 0.8 మిల్లీపాస్కల్-సెకనుకి పడిపోతుంది. కాబట్టి 200 కాదు, 160. విశాఖలో ఎవరు చేసినా ముందు థర్మామీటర్ పెట్టండి. ఇంకోటి, ఒరిపిడి నుంచి ఈ బలం లెక్కేసే సూత్రం చదునైన గాజు మీద కూర్చున్న కణానిది, ఇంకో కణం మీద ఎక్కి కూర్చున్నదానికి ప్రవాహం ఇంకాస్త గట్టిగానే తగులుతుంది.

ఆల్ఫా కణాలు ఆ 0.2 మి.మీ. కిందికి దిగడానికే రెండు నిమిషాలు పడుతుంది, టైమర్ ఆ తర్వాతే మొదలుపెట్టాలి. ఐదు నిమిషాలు ఆగి నీళ్లు వదిలితే చాలావరకు కొట్టుకుపోయాయి, అరగంట ఆగితే మాత్రం సెలైన్ సెట్ రోలర్ పూర్తిగా తెరిచినా కదల్లేదు! నాకు నిజంగా సంతోషం వేసింది.

కానీ ఆల్ఫా మీద ఆల్ఫా వేసి చూసినప్పుడూ కొన్ని నిలిచిపోయాయి. కింది పొరలో ఖాళీలున్న చోట కాంకనావలిన్ వాటిని నేరుగా గాజుకే పట్టేస్తోంది, ఇప్పుడు ఇంకో కణం మీద కూర్చున్నవాటినే లెక్కపెడుతున్నాను.

వచ్చే ఆదివారం డీటీటీ (డైథయోథ్రైటాల్ అనే రసాయనం) పరీక్ష. 'ఎ' కణాల అగ్లుటినిన్‌లో ఆల్ఫా కణాల్ని పట్టుకునే ముక్క రెండు డైసల్ఫైడ్ బంధాలతో (గంధకం-గంధకం బంధాలు) వేలాడుతుంది, డీటీటీ వాటిని తెంచుతుంది. డీటీటీ వేశాక, అరగంట ఆగినా కణాలు కొట్టుకుపోతే నేను కొలిచింది అగ్లుటినిన్ పట్టునే.