మాస్టారు, రేకుల షెడ్డు, ఆడిబుల్

మన స్కూలు పాత విద్యార్థుల సంచికకి ఏదో ఒకటి రాయమని మన గ్రూపులో ఒకటే పోరు, ఆటల గురించీ గోడ దూకడాల గురించీ ఎలాగూ అందరూ రాస్తారు కాబట్టి నేను ఇంగ్లీషు మాస్టారి గురించి, అందులోనూ ఆయన చెప్పిన ఒక్క ముక్క గురించే రాస్తా. కంటికి, చెవికి, చేతికి తెలిసేవాటికి ఇంగ్లీషులో ఉన్న మాటలు. మిగతా గ్రామరంతా ఎటు పోయిందో గానీ ఇది మాత్రం మనోళ్లెవరూ మర్చిపోలేదు.

దానికి కారణం మన రేకుల షెడ్డే. వానొస్తే ఆ రేకుల మోతకి పక్కోడి మాట కూడా వినపడేది కాదు కదా. ఓ రోజు మాస్టారు పాఠం చెప్తూనే ఉన్నారు, నోరు కదుల్తోంది, మాకు ఒక్క ముక్క చెవిన పడట్లేదు, వినపట్లేదు సార్ అని వెనకనుంచి అరిస్తే అదీ ఆయనకి వినపడలేదు. కాసేపు మావంక చూసి, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద "ఐ యామ్ విజిబుల్, బట్ నాట్ ఆడిబుల్" అని రాసి కింద గీత కూడా గీశారు. వాన తగ్గాక అర్థం చెప్తారనుకుంటే, మీరే చెప్పండ్రా అన్నారు. మా బెంచీ వాడొకడు లేచి "ఆడి ఎద్దు సార్" అన్నాడు. మన గోదారి యాసలో అది కరెక్టే మరి!

ఇక అప్పట్నుంచీ అదే పని. కిటికీ వెలుగు పడి బోర్డు మెరిస్తే నాట్ విజిబుల్ సార్ అనాలి, కోడిగీతల కాపీ చూస్తే ఆయన ఇల్లెజిబుల్ అనేవారు. నాకైతే "నీ రాత లెజిబులేరా, రాసిందే రీడబుల్ కాదు" అన్నారు, అంటే అక్షరాలు పోల్చుకోవచ్చు గానీ చదవబుద్ధి కాదని. స్పెల్లింగుకి కూడా ఓ కిటుకు చెప్పారు, చివరి ఏబుల్, ఇబుల్ తీసేశాక రీడ్, వాష్ లాగా పూర్తి మాట మిగిలితే ఎక్కువగా ఏ-బి-ఎల్-ఇ, ఆడిబుల్, విజిబుల్, ఎడిబుల్ లాగా పూర్తి మాట మిగలకపోతే ఎక్కువగా ఐ-బి-ఎల్-ఇ. తప్పే మాటలు కూడా ఉన్నాయనుకోండి, కానీ పరీక్షకి చాలు.

సైన్సు ల్యాబులో శృతిదండం గుర్తుందా, రబ్బరు సుత్తితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాళ్లం. మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకే ఆడిబుల్ అని సైన్సు సారు చెప్తే మేం ఇంగ్లీషు పీరియడ్ అనుకుని నవ్వాం. చప్పుడు ఆగిపోయిందనుకున్నాక దాన్ని పెదవికి తాకిస్తే జిల్లుమనేది, ఆడిబుల్ కాకపోయినా టాంజిబుల్ అన్నమాట. లెక్కల్లో స్పర్శరేఖని ఇంగ్లీషులో టాంజెంట్ అంటారు కదా, రెండూ తాకడం అనే ఒకే లాటిన్ మాటనుంచి వచ్చాయని మాస్టారు చెప్పేదాకా ఆ రేఖకి ఆ పేరెందుకో మాకు పట్టలేదు.

ల్యాబులో వాయువు తయారుచేసే కిప్స్ పరికరంలోంచి కుళ్లిన గుడ్ల కంపు లేచిన రోజున, మరి వాసనకేంటి సార్ అని అడిగాం. ఆయన కూడా కొంచెం ఆలోచించారు, చూపుకీ వినికిడికీ ఉన్నంత వాడుక మాట ముక్కుకి లేదు, పర్సెప్టిబుల్ అనండి, అది ఏ ఇంద్రియానికైనా సరిపోతుంది అన్నారు. ఇంత పెద్ద భాషలో ముక్కుని ఇలా వదిలేయడం అన్యాయమని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఆ ఎద్దు మహానుభావుడు ఇప్పుడు ఆడిట్ సెక్షన్లో ఉన్నాడు. పూర్వం లెక్కలు పైకి చదువుతుంటే విని సరిచూసేవాళ్లంట, అందుకే ఆడిటర్ అంటే అసలు వినేవాడని మొన్న ఫోన్లో వాడే చెప్పాడు. మరి నువ్వేం వింటావురా అంటే, "ఎక్సెల్ షీట్లు మెయిల్లో వచ్చి పడతాయి, మేం వినేది ఆఫీసర్ తిట్లేరా" అన్నాడు.