కలిపేసిన నోడ్‌కి ఏం పేరు పెట్టాలి?

పోయిన వారం విశాఖ రుషికొండ ఆఫీసులో నాకు రెండు రోజులు ఒక్క బొమ్మతోనే సరిపోయింది. మా బిల్లింగ్ కోడ్‌లో ఏ మాడ్యూల్ (ఒక కోడ్ ఫైలు) దేన్ని ఇంపోర్ట్ చేసుకుంటుందో, అంటే వాడుకోడానికి తెచ్చుకుంటుందో, బాణాలతో చూపించే గ్రాఫ్ అది. అందులో ఒక్కో మాడ్యూల్ ఒక్కో పెట్టె, అదే నోడ్. ఇన్వాయిస్‌కి ట్యాక్స్ కావాలి, ట్యాక్స్‌కి కస్టమర్ కావాలి, కస్టమర్‌కి మళ్లీ ఇన్వాయిసే కావాలి. ఇలా తిరిగి మొదటికే వచ్చేవాటిని ఒక్కో నోడ్‌గా కలిపేస్తే, మిగిలిన గ్రాఫ్‌లో చక్రాలుండవు. ఏది ముందో ఏది తర్వాతో వరసలో పెట్టుకోవచ్చు. ఆ గుంపుల్ని గ్రాఫంతా ఒక్కసారి తిరిగి పట్టేసే పద్ధతి రాబర్ట్ టార్జన్ 1972లోనే ఇచ్చాడు. పైథాన్‌లో నెట్‌వర్క్‌ఎక్స్ అనే గ్రాఫుల లైబ్రరీ వాడితే కండెన్సేషన్ అనే ఫంక్షన్‌తో ఒక్క లైన్‌లో అయిపోతుంది.

అయితే అది కొత్త నోడ్లకి పెట్టే పేర్లు 0, 1, 2. మా టీమ్‌లో జూనియర్ అమ్మాయి బొమ్మ చూసి, "అక్కా, ఈ 7లో ఏముంది?" అని అడిగితే నేను చెప్పలేకపోయాను. సభ్యులు మెంబర్స్ అనే యాట్రిబ్యూట్‌లో భద్రంగానే ఉంటాయి, బొమ్మలోకి రావంతే. పైగా మర్నాడు ఒక్క ఇంపోర్ట్ చేర్చి నడిపితే నిన్నటి 7 కాస్తా 4 అయింది.

పోనీ అని సభ్యుల పేర్లన్నీ కలిపి రాశాను. పదకొండు మాడ్యూళ్లున్న గుంపు పేరు స్క్రీన్ దాటిపోయింది. అంతకన్నా పెద్ద తలనొప్పి ఏమిటంటే, కోడ్ ముట్టుకోకపోయినా పేరు మారిపోతోంది! ఒకసారి ఇన్వాయిస్-ట్యాక్స్-కస్టమర్, ఇంకోసారి ట్యాక్స్-కస్టమర్-ఇన్వాయిస్. పాత బొమ్మతో పోల్చే టెస్ట్ కాసేపు పాసు, కాసేపు ఫెయిలు. ఒకటే టెన్షన్. చివరికి తేలిందేమిటంటే, సభ్యులు ఉండేది సెట్‌లో, అంటే వరస పట్టించుకోని సంచిలో. పైథాన్ 3.3 నుంచి స్ట్రింగుల హాష్ (పేరు నుంచి లెక్కగట్టే సంఖ్య, సెట్‌లో చోటు దాన్నిబట్టే) రన్ రన్‌కీ మారుతుంది, దాంతో సెట్‌లోంచి పేర్లు వచ్చే వరసా మారుతుంది. కలిపే ముందు సార్ట్ చేశాక కుదుటపడింది.

ఆ సాయంత్రం బస్సులో కండక్టర్ "కాంప్లెక్స్, కాంప్లెక్స్" అని కేకేస్తుంటే పేరు సంగతి తట్టింది. బోర్డు మీద ద్వారకా బస్ స్టేషన్ అనే ఉంటుంది, మన నోట వచ్చేది కాంప్లెక్సే. జగదాంబ కూడా ఒక సినిమా హాలు పేరే, ఆ జంక్షన్ మొత్తానికీ అదే పేరైపోయింది. గుంపులో అందరికీ తెలిసినదే గుంపు పేరు.

ఇప్పుడు అలాగే చేస్తున్నాను. బయటి నుంచి ఎక్కువ బాణాలు వచ్చే మాడ్యూల్ పేరు, పక్కన మిగతావి ఎన్నో: ఇన్వాయిస్ + 10. రెండిటికి సమానంగా వస్తే అక్షరక్రమంలో ముందున్నది. ఏ మాడ్యూలైనా ఒక్క గుంపులోనే ఉంటుంది కాబట్టి రెండు గుంపులకి ఒకే పేరు పడదు. కానీ ఇది కళ్లకి మాత్రమే. టెస్ట్‌లో పోల్చేది సార్ట్ చేసిన పూర్తి జాబితానే, ఈ రెండు పనులూ ఒకే పేరు మీద పెట్టకూడదని నా గట్టి నమ్మకం.

కొత్త బొమ్మలో ఆ పెట్టె మీద మౌస్ పెడితే సభ్యులన్నీ కనిపిస్తాయి. జూనియర్ అలా పెట్టి, "అక్కా, ఇన్వాయిస్ గుంపులో లాగర్‌కి ఏం పని?" అంది. నిజమే, జరిగింది రాసిపెట్టడమే పనిగా ఉన్న లాగర్ ఎవరినీ ఇంపోర్ట్ చేసుకోవాల్సిన పనే లేదు. నిన్న లాగర్‌లోని ఆ ఇంపోర్ట్ లైన్ తీసేశాం. ఇన్వాయిస్ + 9.