నల్ల అంబాసిడర్‌కు ఒక మంచి ఫొటో: నా అనుభవం

హనుమకొండలో మా వీధి చివర ఒక రిటైర్డ్ లెక్కల సార్ ఉంటారు. ఆయన ఇంటి రేకుల షెడ్డులో 1968 నాటి నల్ల అంబాసిడర్ ఉంది. మార్క్ టూ, అంటే ఆ మోడల్‌లో రెండో రూపం. గుండ్రటి దీపాల మధ్య చిన్న చిన్న గళ్ల గ్రిల్, స్టీరింగ్ పక్కనే గేరు కర్ర, ముందు కూడా సోఫాలాంటి ఒకే సీటు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ వారు బెంగాల్‌లోని ఉత్తరపారాలో ఈ కారును తయారు చేశారు. 2014లో ఉత్పత్తి ఆగేదాకా ఆ గుండ్రటి భుజాలు అలాగే నిలిచాయి. ఆ భుజాలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం.

“బిడ్డా, దీనికి ఒక మంచి ఫొటో తియ్యి, గోడకు పెట్టుకుంటాను” అన్నారు సార్. ఆదివారాలు కెమెరా పట్టుకొని తిరిగేవాడిని, ఇంతకన్నా ఏం కావాలి? గంటలో అయిపోతుందనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

మొదటి ఆదివారం కారును ఇంటి ముందుకు తెప్పించి, మిట్టమధ్యాహ్నం తీశాను. కంప్యూటర్‌లో చూస్తే కారు కన్నా మా వీధే ఎక్కువ కనిపించింది. బానెట్ మీద కరెంటు తీగలు, తలుపు మీద ఎదురింటి పచ్చ గోడ, ఆ గోడ మధ్య కెమెరాతో వంగిన నేను. ఇరుకు వీధి కావడంతో, వెడల్పుగా పట్టే 18 ఎం.ఎం. లెన్స్‌తో దగ్గర నుంచి తీశాను. ముందు మడ్‌గార్డు ఉబ్బిపోయి, వెనుక భాగం కుంచించుకుపోయింది. నేను ప్రేమించే కారు అది కాదు.

రెండో వారం పోలరైజర్ ఫిల్టరు కొనుక్కొచ్చాను. గాజు మీద, రంగు మీద పడే మెరుపును అది చాలావరకు ఆపుతుంది. ఉత్త లోహం మీది మెరుపు మాత్రం దానికి లొంగదు. అందువల్ల క్రోమ్ బంపర్ ఎప్పటిలాగే తళతళలాడింది కానీ, కారు ఒళ్లంతా బొగ్గు ముద్దలా చచ్చుబడింది. తీగలు పోయాయి, గోడ పోయింది, వాటితోపాటు వంపులూ పోయాయి. ఆ రాత్రి రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశాను. నల్ల కారుకు ఆకారం ఇచ్చేది ప్రతిబింబమే. దాన్ని తీసేయడం కాదు, అందులో ఏముండాలో నేను ఎంచుకోవాలి. నాలుగేళ్లుగా కెమెరా పట్టుకుంటున్నా ఈ మాట నాకు అప్పుడే అర్థమైంది.

అంటే కారు ఎదుట ఏమీ లేని చోటు కావాలి. కాజీపేట దాటి ధర్మసాగర్ వైపు వెళ్తుంటే పొలాల పక్కన ఒక ఖాళీ జాగా చూసిపెట్టుకున్నాను. మూడో ఆదివారం చీకటితోనే బయలుదేరాం. సార్ స్వయంగా నడిపారు. చేరేసరికి కారు నిండా దుమ్ము. నేను గుడ్డ తీయబోతే ఆయన చెయ్యి పట్టుకొని ఆపారు. “ముందు నీళ్లు పొయ్యి, తరువాతే గుడ్డ. పొడి దుమ్మును తుడిస్తే గీతలు పడతాయి.” రెండు క్యాన్ల నీళ్లు అందుకే తెచ్చారట.

దూరం నుంచి తీయడానికి పనికొచ్చే 85 ఎం.ఎం. లెన్స్ పెట్టి, కారు మొత్తం పట్టేంతగా వెనక్కి జరిగి, ట్రైపాడ్‌ను మోకాలెత్తుకు దించాను. చక్రం ముఖం కెమెరాకు కనిపించేలా స్టీరింగ్ తిప్పమన్నాను. నల్లటి వస్తువు ఎదురుగా ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగుగా మార్చాలని చూస్తుంది కాబట్టి వెలుతురును ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించాను. కెమెరా సెట్టింగులు: ఎఫ్8, ఐఎస్ఓ 100, అర సెకను. సూర్యుడు ఇంకా రాలేదు. ఆకాశమంతా ఒకే తెల్లటి వెలుగు. ఆ వెలుగు దీపం దగ్గర మొదలై, మడ్‌గార్డు భుజం మీదుగా తలుపుల వెంట వెనుక డిక్కీ దాకా ఒకే గీతగా పారింది. కింద పొలం గట్టు నల్లటి అంచులా నిలిచింది. నాకు ఊపిరి ఆడలేదు. ఇరవై నిమిషాల్లో ఎండ వచ్చి అంతా చెదిరిపోయింది. అప్పటికి ముప్పై ఫొటోలు నా దగ్గరున్నాయి.

ఇంటికొచ్చి చూస్తే అన్నిటిలోకీ మంచి ఫొటోలో వెనుక తలుపు మీద సన్నని మనిషి ఆకారం కనిపించింది. చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డ సార్. నేను గమనించనే లేదు. కంప్యూటర్‌లో చెరిపేస్తానని చెప్పి ఆయనకు చూపించాను. సార్ లోపలికి వెళ్లి పాత నలుపు తెలుపు ఫొటో ఒకటి తెచ్చారు. అదే కారు, కొత్తది. దాని తలుపు మెరుపులో పంచె కట్టుకున్న ఒకాయన మసకగా నిలబడి ఉన్నారు.

“మా నాయన” అన్నారు. “నన్ను కూడా ఉండనివ్వు బిడ్డా.”

12 బై 18 అంగుళాల సైజులో ప్రింట్ తీయించి, మర్నాడే ఆ పాత ఫొటో పక్కన మేకు కొట్టాను.