పాస్టెల్ అంటే ఏ రంగమ్మా?

ఆదివారం. ఆషాఢం, పొద్దున్నుంచీ ముసురు. ఊళ్లో బోనాల సందడి. పాతబస్తీ వైపు బజారు పని పెట్టుకుంటే ట్రాఫిక్‌లోనే పొద్దుపోతుంది. అందుకే ఇవాళ బీరువా సర్దుడు. శ్రావణం ముహూర్తాల శుభలేఖలు టేబుల్ మీద ఉన్నాయి. ఒకదానికైతే శుభలేఖ కంటే వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ పెద్దది: హల్దీకి పసుపు, సంగీత్‌కి ‘నిజామీ’, పెళ్లికి పాస్టెల్, రిసెప్షన్‌కి బ్లాక్ టై. కింద చిన్న అక్షరాల్లో, మగవాళ్లకి పంచెకట్టు తప్పనిసరి అని.

పదకొండింటికి పెద్దమ్మ ఫోను.

“పాస్టెల్ అంటే ఏ రంగమ్మా? షాపులో అడిగితే నవ్వుతారేమో.”

“సున్నంలో కాస్త రంగు కలిపి గోడకి కొడితే ఎలా ఉంటుందో అది, పెద్దమ్మా. లేత పిస్తా, లేత గులాబీ, ఆకాశం రంగు.”

“ఓస్, వెలిసిపోయిన చీరలా! బీరువా నిండా అవే కదే.”

ఇంత సూటిగా ఆ పీడీఎఫ్ చేసినవాళ్లు కూడా చెప్పలేదు. నిజానికి పాస్టెల్‌కి కొత్త చీర అక్కర్లేదు. లేత రంగు నూలు ఒంటికి పట్టు అంచు అతికిన గద్వాల చీర, సన్నటి జరీ అంచు మంగళగిరి, ఏది ఉన్నా సరిపోతుంది. ఒక్కటే చూసుకోవాలి: తెల్ల చీరకి ఎర్రంచు గానీ పసుపు అంచు గానీ ఉంటే ఆ రోజుకి వద్దు. అవి మధుపర్కాల్లా కనిపిస్తాయి, ఫొటోల్లో పెళ్లికూతురి పక్కన ఇంకో పెళ్లికూతురు తేలుతుంది. చర్చి పెళ్లిలో ఇంకో లెక్క. అక్కడ పెళ్లికూతురిది తెల్ల చీరో తెల్ల గౌనో, కాబట్టి అంచు ఏదైనా తెలుపు జోలికి పోకపోవడమే మర్యాద.

అసలు రంగు గురించి చదివే ముందు కార్డులో చదవాల్సినవి రెండు, ముహూర్తం వేళ, వేదిక. తెల్లవారుజామున మూడింటి ముహూర్తానికి బరువైన మగ్గం వర్క్ జాకెట్టు వేసుకుంటే రాత్రంతా కుర్చీలో ఒరగలేరు, వీపు గీరుకుపోతుంది. మొయినాబాద్ వైపో శంషాబాద్ వైపో ఫామ్‌హౌస్ అయితే కింద పచ్చిక, ఈ నెలల్లో దాని కింద బురద. పెన్సిల్ హీల్ దిగబడుతుంది. వెడల్పు మడమ ఉన్నవి, రబ్బరు అడుగున్నవి వేసుకోవాలి. తోలు చెప్పులు నానితే ఉబ్బి సాగుతాయి. చీర కుచ్చిళ్లు మామూలు కంటే అంగుళం పైకి కట్టుకోవాలి, లేకపోతే ఫాల్ నీళ్లు పీల్చుకుని పట్టుని కిందికి లాగేస్తుంది.

మధ్యాహ్నం బీరువాలోంచి తెల్ల దుపట్టాలు రెండు బయటపడ్డాయి. ఇలాంటి డ్రెస్ కోడ్‌లకి హైదరాబాద్‌లో చవకైన మార్గం అద్దకమే. ఉన్న డ్రెస్ మీదికి దుపట్టా ఒక్కటి కోడ్ రంగులో ఉంటే సగం పని అయిపోతుంది. పాతబస్తీలో రంగ్‌రేజ్‌లు ఇప్పటికీ సందుల్లో పొయ్యి మీద గంగాళం పెట్టి రంగు వేస్తారు. కాకపోతే దుపట్టా ఏ బట్టదో తెలియకుండా వెళ్తే పని చెడుతుంది. పట్టు, నూలు, విస్కోస్, ప్యూర్ జార్జెట్ రంగు పట్టుకుంటాయి. పాలిస్టర్ పట్టుకోదు. దాని రంగులు వేరు, మామూలుగా మరిగే నీళ్ల కంటే ఎక్కువ వేడి, మూతపెట్టిన యంత్రంలో ఒత్తిడీ కావాలి. గంగాళంలో ముంచితే మరకలా అంటుకుని తర్వాత వెలిసిపోతుంది. తెలుసుకోవడం తేలికే. అంచులోంచి ఒక పోగు లాగి చిమటాతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించాలి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయితే పట్టు. కాగితం కాలిన వాసన వస్తే నూలో విస్కోసో. కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్.

ఇవాళ్టి రెండింట్లో ఒకటి పూస కట్టింది. దాన్ని మడిచి లోపల పెట్టేయడమే.

రంగ్‌రేజ్ దగ్గరికి ఫోన్‌లో బొమ్మ కాదు, గుడ్డ ముక్క పట్టుకెళ్లాలి. ఒక్కో ఫోన్ ఒకే పిస్తాని ఒక్కోలా చూపిస్తుంది. ట్యూబ్‌లైట్ కింద కలిసిన రెండు రంగులు ఎండలో విడిపోతాయి కూడా, అందుకే ఆ ముక్కని, రంగులో ముంచిన దుపట్టా కొసని వీధి వెలుతురులోకి తెచ్చి చూడాలి. తడి బట్ట ముదురుగా కనిపిస్తుంది, ఆ కొస ఆరాక చూసి గానీ ‘సరే’ అనకూడదు. ఇంకో సంగతి, అద్దకం ముందు, పీకో, అదే అంచు కుట్టు, తర్వాత. ముందే పీకో చేయిస్తే ఆ దారం సాధారణంగా పాలిస్టర్ కాబట్టి తెల్లగా మిగిలి అంచంతా సుద్దముక్కతో గీసినట్టు ఉంటుంది. లేసూ అంతే. ప్లాస్టిక్ చమ్కీలు వేడినీళ్లకి ముడుచుకుపోతాయి. జార్జెట్ పోగు మెలి తిరిగి ఉంటుంది కాబట్టి వేడికి కుంచించుకుపోతుంది, రెండున్నర మీటర్లలో కొన్ని అంగుళాలు పోవచ్చు. పొడుగు సరిగ్గా సరిపోయేది ఇవ్వకూడదు. ముసురు రోజుల్లో సగం ఆరినదాన్ని మడతపెట్టి తెచ్చుకుంటే మడత పడ్డచోటల్లా చారలే.

హల్దీకి మాత్రం ఇంత హంగు దండగ. పాత నూలు కుర్తా చాలు. పసుపు రంగు డ్రెస్ మీద పసుపు పడితే కనిపించదనుకుంటారు గానీ కనిపిస్తుంది, ఆ రెండు పసుపులూ ఎప్పుడూ ఒకటి కావు. ఇంటికొచ్చి సబ్బు పెట్టగానే మరక ఎర్రబడితే కంగారు పడనక్కర్లేదు. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పారాణి ఎరుపు పుట్టేది కూడా పసుపులో సున్నం కలిస్తేనే కదా. బాగా జాడిస్తే ఎరుపు పోయి మళ్లీ పసుపుకి వస్తుంది. అప్పుడు ఎండలో వేయాలి, పసుపు ఎండకి నిలవదు. ఇది నూలుకే. పట్టుచీరకి సబ్బూ వద్దు, ఎండా వద్దు. తలంబ్రాల పసుపు బియ్యం కొంగు మీద పడితే రుద్దకుండా దులిపేయాలి, పొడిగా ఉంటే చాలావరకు రాలిపోతుంది. తడిగుడ్డతో తుడిచారా, పోగులోకి దిగుతుంది. ఆ తర్వాత డ్రైక్లీనింగ్‌కి ఇవ్వడమే.

పంచెకట్టు తప్పనిసరి అన్నారు కాబట్టి ఇంట్లో మగవాళ్లకి రెడీమేడ్ పంచె కొందామన్న ఆలోచన ఎలాగూ వస్తుంది. వెల్‌క్రో ఉన్నది నిలబడినంతసేపు బాగుంటుంది. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే పొట్ట ఒత్తిడికి చిన్నగా విడిపోవడం మొదలెడుతుంది, పక్కవాళ్లకి వినిపిస్తుంది కూడా. దాని కంటే నాలుగు మీటర్ల పంచె కట్టుకోవడం పావుగంటలో నేర్చుకోవచ్చు. కాళ్లు మూరెడు ఎడంగా పెట్టి నిలబడాలి. పంచె మధ్యభాగం నడుము వెనక, రెండు కొసలూ సమానంగా ముందుకి. బొడ్డు దగ్గర రెండంచులూ బిగించి ముడి. ఎడమ కొస కుచ్చిళ్లు పెట్టి కాళ్ల మధ్యనుంచి వెనక్కి తీసి నడుము దగ్గర దోపితే గోచీ. కుడి కొస అయిదారు కుచ్చిళ్లు పెట్టి ముందు దోపడం. చాలామంది తప్పు చేసేది మొదట్లోనే, కాళ్లు దగ్గర పెట్టుకుని కడతారు. అప్పుడు గోచీ బిగుతైపోయి, మండపం మెట్టెక్కేసరికి వెనక దోపు ఊడివస్తుంది. కట్టాక ఒకసారి గొంతుక్కూర్చుని లేచి చూసుకోవాలి. పట్టుపంచె జారుతుంది, దాని మీద బెల్టు బిగించి పైన చొక్కా వదిలేస్తే ఎవరికీ తెలియదు. జేబు ఉండదు, ఫోను, బండి తాళం ఎక్కడ పెట్టాలో ముందే చూసుకోవాలి.

‘నిజామీ’ అనగానే బంగారు పూత షేర్వానీ అద్దెకి తెస్తారు. 1911 నుంచి 1948 దాకా ఏలిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సాదా బట్టలకి పేరుపడ్డ మనిషి. తళుకు లేని నల్ల షేర్వానీ, మెడ హుక్కు పెట్టుకుంటే చాలు. అద్దెకి తెచ్చేటప్పుడు రెండు చేతులూ పైకెత్తి చంకల కుట్టు చూడాలి, ఉన్న మరకల్ని షాపులోనే ఫొటో తీసుకోవాలి. ఆడవాళ్లు ఖడా దుపట్టా జోలికి వెళ్లకపోవడం మంచిది. రెండు భుజాల మీద పిన్ను చేసే ఆ ఆరు గజాల దుపట్టా ఇక్కడి నిఖాలో పెళ్లికూతురి గుర్తు. చుట్టాలుగా వెళ్లేవాళ్లకి షరారానో, తల మీదికి కొంగు వచ్చే చీరో బాగుంటుంది.

బ్లాక్ టై అంటే నల్ల సూటూ పొడుగు టై కాదు, డిన్నర్ జాకెట్టూ బో టై. ఇక్కడ నల్ల బంద్‌గలా, అంటే మెడ మూసిన కోటు, వేసుకున్నా ఎవరూ అడ్డు చెప్పరు. నల్ల చీర కట్టుకుని అక్షింతలు వేస్తే మొహం ముడుచుకునే పెద్దలుంటారు కాబట్టి నేరేడుపండు రంగు మధ్యేమార్గం, రాత్రి లైట్లలో నలుపులాగే ఉంటుంది.

ఆషాఢం డిస్కౌంట్‌లో చీర కొన్నవాళ్లు జాకెట్టు కూడా ఈ నెలలోనే కుట్టడానికి ఇచ్చేయాలి. శ్రావణం వస్తే టైలర్లు ‘రేపు’ తప్ప ఇంకో మాట అనరు.

రాత్రి తొమ్మిదింటికి పెద్దమ్మ ఫొటో పంపింది. మంచం మీద పరిచిన చీర, పైన పసుపు బల్బు. లేత గులాబీనో, వెలిసిన ఇటుకో, గంధమో ఎంత చూసినా తేలలేదు. ముసురైనా సరే, పొద్దున్నే వాకిట్లో పెట్టి ఇంకోటి తీసి పంపు పెద్దమ్మా అన్నాను.