ఎటు పోయే బండి?

లండన్ నుంచి సెలవు మీద కాజీపేట వచ్చిన రెండో రోజు పొద్దున్నే ఎదురింటి అమ్మాయి నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. సెప్టెంబర్‌లో ఎంఎస్సీ చదవడానికి ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్ పోతోంది. వీసా వచ్చింది, విమానం టికెట్ కొన్నారు, మామిడికాయ తొక్కు ఏ సూట్‌కేసులో పెట్టాలో కూడా తేల్చుకున్నారు. ఇంకా ఒక్కటే టెన్షన్.

"అన్నా, హీత్రూలో దిగినంక లండన్ రైల్వే స్టేషన్‌కు ఎట్ల పోవాలె?"

లండన్ రైల్వే స్టేషన్ అని ఒకటి లేదమ్మా అన్నాను. ఆ పిల్ల ముఖం వాడిపోయింది. అరుగు మీద పేపర్ చదువుతున్న మా బాపు తల ఎత్తకుండానే అన్నాడు: "ముందు ఎటు పోయే బండో చెప్పు బిడ్డా. స్టేషన్ దానంతట అదే తెలుస్తది."

బాపు ముప్పై నాలుగేళ్లు కాజీపేట యార్డులో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. లండన్ ఎప్పుడూ చూడలేదు. కానీ ఆయన చెప్పిన ఆ ఒక్క మాట ఒంటబట్టడానికి నాకు అక్కడ దాదాపు ఏడాది పట్టింది.

నిజానికి ఇది మా ఊరివాళ్లకు తెలిసిన సంగతే. కాజీపేట జంక్షన్‌కూ వరంగల్ స్టేషన్‌కూ మధ్య దూరం సుమారు పది కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగి, అటునుంచి అటే రామగుండం, బల్లార్షా దారి పడుతుంది. వరంగల్ పోనే పోదు. చెన్నై నుంచి ఢిల్లీ పోయే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది, కాజీపేటలో ఆగదు. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయినప్పటి నుంచి మా దగ్గర దారులు ఇలా చీలిపోయాయి. తెలియక తప్పు స్టేషన్‌లో పెట్టెలతో నిలబడ్డ చుట్టాలను బాపు ఆటో మాట్లాడి పంపించడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో.

అంత చూసి కూడా నేను లండన్‌లో అదే పొరపాటు చేశాను.

అక్కడ నా పని షాపుల్లో బిల్లింగ్ మిషన్లు రిపేరు చేయడం. ఏ ఊళ్లో మిషన్ ఆగిపోతే ఆ ఊరికి పోవాలి. డ్రైవింగ్ లైసెన్స్ రాకముందు మూడేళ్లు మొత్తం రైళ్ల మీదే తిరిగాను. మొదటి చలికాలంలో ఒక వారం మాంచెస్టర్ పంపారు, యూస్టన్ స్టేషన్‌లో ఎక్కాను. మరుసటి వారం లీడ్స్ అన్నారు. అదీ ఉత్తరం వైపే కదా అని కాళ్లు వాటంతటవే యూస్టన్ పోయాయి. బోర్డు మీద లీడ్స్ లేదు. ఫోన్ తీసి టికెట్ చూస్తే అందులో కింగ్స్ క్రాస్ అని ఉంది. రెండూ ఒకే రోడ్డు మీద ఉంటాయి, నడిస్తే పది పదిహేను నిమిషాలు. టూల్ బ్యాగు భుజాన వేసుకుని బ్రిటిష్ లైబ్రరీ ముందు నుంచి పరుగెత్తాను. నేను గేటు దగ్గరికి చేరేసరికి తలుపులు మూసేశారు. రైలు ఇంకా కదల్లేదు, కళ్ల ముందే ఉంది. అక్కడ బయలుదేరే టైముకు కొంచెం ముందే తలుపులు లాక్ చేస్తారు. మన దగ్గరలా కదిలే బండి ఎక్కడం కుదరదు.

నాది అడ్వాన్స్ టికెట్. తక్కువ ధరకు వస్తుంది కానీ ఆ ఒక్క రైలుకే పనికొస్తుంది. తప్పిపోతే అంతే. అప్పటికప్పుడు కొన్న కొత్త టికెట్ నా రోజు జీతం కంటే ఎక్కువ. ఆ రాత్రి ఫోన్‌లో బాపుకు చెబితే తిట్టలేదు. "రేపటి నుంచి పోయే ముందు నాకు చెప్పు, ఏ ఊరు, ఏ స్టేషన్ అని" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి రాత్రీ అదే మాట. ఏ ఊరు? ఏ స్టేషన్? ఇద్దరం అలా నేర్చుకున్నాం.

ఆ పిల్ల నోటుబుక్కులో నేను గీసింది కూడా అదే. మధ్యలో ఒక గుండ్రం, దాని చుట్టూ స్టేషన్లు. లండన్ నడిబొడ్డున పెద్ద స్టేషన్ ఎందుకు లేదంటే, ఒక్కో వైపు ఒక్కో ప్రైవేటు కంపెనీ లైను వేసుకుంటూ వచ్చింది. అందరూ నగరం మధ్యలోకి రావాలనుకుంటే, 1846లో ఒక రాయల్ కమిషన్ వద్దని చెప్పింది. అందుకే ఆ స్టేషన్లలో చాలామటుకు ఊరి చుట్టూ దండలా మిగిలిపోయాయి. వాటిని కలపడానికే 1863లో ప్యాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా భూమి కింద రైలు వేశారు. ప్రపంచంలో మొదటి అండర్‌గ్రౌండ్ రైలు అదే. నేను ఈస్ట్ హామ్‌లో రూమ్ తీసుకోవడానికి అక్కడ మనవాళ్లు, మన కిరాణా కొట్లు ఉండటం ఒక కారణమైతే, హ్యామర్‌స్మిత్ అండ్ సిటీ లైను రెండోది. ఆ లైను ఎక్కితే మారే పని లేకుండా లివర్‌పూల్ స్ట్రీట్, కింగ్స్ క్రాస్, యూస్టన్ స్క్వేర్, ప్యాడింగ్టన్ వరుసగా వస్తాయి.

ఇక దిక్కులు. కోవెంట్రీ, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్, గ్లాస్గో అయితే యూస్టన్. 1837 నాటి స్టేషన్ అది. లీడ్స్, యార్క్, న్యూకాజిల్, ఎడిన్‌బరో అయితే కింగ్స్ క్రాస్. దాని పక్కనే, రోడ్డు దాటితే, ఎర్ర ఇటుకల సెయింట్ పాంక్రాస్. లెస్టర్, నాటింగ్‌హామ్, షెఫీల్డ్ బండ్లు అక్కడివే, పారిస్ పోయే యూరోస్టార్ కూడా అక్కడి నుంచే. పడమటికి, అంటే రెడింగ్, బ్రిస్టల్, కార్డిఫ్ వైపు, ప్యాడింగ్టన్. సౌతాంప్టన్‌కు వాటర్లూ. బ్రైటన్‌కు విక్టోరియా. నారిచ్‌కు లివర్‌పూల్ స్ట్రీట్.

"లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి లివర్‌పూల్ పోవా?" అని అడిగిందా పిల్ల. పోవు. లివర్‌పూల్ బండి యూస్టన్‌లో ఉంటుంది. మొదట్లో బాపు కూడా ఇదే అడిగాడు. ఆ ఒక్కటి ఆయన ఇక మరిచిపోలేదు.

యూస్టన్ గురించి ఒకటి చెప్పాలి. పెద్ద హాలు, పైన బోర్డు. రైలు పేరు, టైము ఉంటాయి కానీ ప్లాట్‌ఫాం నంబరు గడి ఖాళీగా ఉంటుంది. కొన్ని వందల మంది తలలు పైకెత్తి ఆ ఖాళీ గడినే చూస్తూ నిలబడతారు. చేతిలో కాఫీ, కాళ్ల మధ్య సూట్‌కేసు, ఎవరూ మాట్లాడరు. బయలుదేరడానికి కొన్ని నిమిషాల ముందు నంబరు పడుతుంది. అప్పటిదాకా బొమ్మల్లా ఉన్న మనుషులంతా ఒక్క దిక్కుకు ఉరుకుతారు. మొదటిసారి చూసినప్పుడు నాకు భయం వేసింది. సికింద్రాబాద్‌లో రద్దీ ఎంత ఉన్నా మన బోగీ ఎక్కడ ఆగుతుందో చూసుకుని ముందే నిలబడతాం కదా, యూస్టన్‌లో ఆ వీలు లేదు. పెద్ద సామాను ఉన్నవాళ్లు బోర్డుకు ఆనుకుని కాకుండా ప్లాట్‌ఫాంల వైపు ఉండే చిన్న తెర దగ్గర నిలబడితే కొంచెం నయం.

ఇంకో చిక్కు దక్షిణం వైపు బండ్లది. విక్టోరియా నుంచి పోయే కొన్ని రైళ్లు దారిలో హోర్షం దగ్గర రెండు ముక్కలవుతాయి. ముందు బోగీలు ఒక ఊరికి, వెనుక బోగీలు ఇంకో ఊరికి. పోర్ట్స్‌మత్ పోవాల్సిన నేను ఒకసారి వేరే ముక్కలో నిద్రపోయి బాగ్నర్ రీజిస్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో లేచాను. ఇది విని బాపు ఆశ్చర్యపోలేదు, సంతోషించాడు. ఒకప్పుడు విశాఖ నుంచి వచ్చిన లింక్ బోగీలను కాజీపేటలోనే దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌కు తగిలించేవారు. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని ఆ బోగీల మధ్య నిలబడ్డ మనిషి ఆయన. "నిద్రపోయే ముందు బోగీ ఎటు పోతదో అడగాలె కదరా" అన్నాడు. లండన్ బండ్లలో బోగీ లోపల తెర మీద ఊళ్ల పేర్లు వస్తుంటాయి, అనౌన్స్ కూడా చేస్తారు. అలసిపోతే ఏదీ చెవికెక్కదు.

ఆ పిల్లకు మాత్రం దారి సులువు. హీత్రూ నుంచి పికడిల్లీ లైను ఎక్కితే ఎక్కడా మారకుండా గంటలో కింగ్స్ క్రాస్ సెయింట్ పాంక్రాస్. రెండు పెద్ద స్టేషన్లకూ కింద అండర్‌గ్రౌండ్ స్టేషన్ ఒక్కటే, లిఫ్టులు ఉన్నాయి. 2022లో వచ్చిన ఎలిజబెత్ లైను వేగంగా పోతుంది కానీ అందులో పోతే మధ్యలో దిగి ఇంకో బండి మారాలి. ఇరవై మూడు కిలోల సూట్‌కేసులు రెండు ఉన్నప్పుడు నా ఓటు పికడిల్లీకే. అండర్‌గ్రౌండ్ లోపలికి పోయేటప్పుడు గేటు దగ్గర బ్యాంకు కార్డు ఆనించాలి, బయటికి వచ్చేటప్పుడూ అదే కార్డు ఆనించాలి. షెఫీల్డ్ రైలుకు మాత్రం టికెట్ వేరే.

మొదటి రోజుకు అడ్వాన్స్ టికెట్ కొనొద్దని గట్టిగా చెప్పాను. విమానం రెండు గంటలు ఆలస్యమైతే ఆ డబ్బులు పోయినట్టే. కొంచెం ఎక్కువైనా ఆఫ్ పీక్ టికెట్ కొంటే రద్దీ వేళలు వదిలేసి ఆ రోజు ఏ బండైనా ఎక్కొచ్చు. ఆ వయసు వాళ్లకు ఇచ్చే 16–25 రైల్‌కార్డ్ అనే రాయితీ కార్డు తీసుకుంటే మూడో వంతు తగ్గుతుంది. తర్వాత ఎప్పుడైనా షెఫీల్డ్ నుంచి లండన్ మీదుగా బ్రైటన్ లాంటి ఊరికి టికెట్ కొంటే, దాని మీద చిన్న శిలువ గుర్తు ఉందేమో చూడమన్నాను. ఉంటే సెయింట్ పాంక్రాస్ నుంచి విక్టోరియాకు అండర్‌గ్రౌండ్‌లో పోవడానికి అదే టికెట్ చాలు. ఈ సంగతి తెలియక రెండేళ్లు నేను విడిగా డబ్బులు కట్టాను.

"ఏ రోజు దిగుతున్నవ్ బిడ్డా?" అని బాపు అడిగాడు. ఆదివారం అంది. "ఆదివారం లైన్ బ్లాక్ ఉంటదట అక్కడ. ముందురోజు చూసుకో." ఆదివారాలు ట్రాక్ పనులు పెట్టుకుంటారని, రైలుకు బదులు బస్సు వేస్తారని ఎప్పుడో నేను చెప్పిందే అది. క్రిస్మస్ రోజు దేశమంతా రైళ్లు నడవవని చెబితే మాత్రం ఆయన ఇప్పటికీ తల అడ్డంగా ఊపుతాడు. దసరా రోజు కూడా ఇంటి మొహం చూడకుండా డ్యూటీ చేసిన మనిషికి ఆ మాట ఎలా నమ్మబుద్ధవుతుంది?

ఆ పిల్ల నోటుబుక్కు మూసి లేచింది. బాపు ఊరికే పోనివ్వలేదు.

"ఎటు పోయే బండి?"

"షెఫీల్డ్, పెద్దనాయనా."

"స్టేషన్?"

"సెయింట్ పాంక్రాస్."

పో అన్నట్టు చెయ్యి ఊపి మళ్లీ పేపర్ తీశాడు. కాసేపటికి నా వైపు చూడకుండానే అడిగాడు, సెలవు అయిపోయినంక సోమవారం నీకు ఎక్కడ డ్యూటీ అని. నారిచ్ అన్నాను.

"లివర్‌పూల్ స్ట్రీట్" అన్నాడు బాపు, పేజీ తిప్పుతూ.